లిఫ్టు బాబాయి బొంత

“మొహం మీద కరిస్తే?”

అతను ఆ ప్రశ్న అడగడం అది నాలుగోసారి. మొదటిసారి భార్యని అడిగాడు. రెండోసారి పిల్లల డాక్టర్ని. మూడోసారి స్నానాలగది అద్దంలో తనని తానే అడుక్కున్నాడు. నాలుగోసారి మాత్రం సరైన మనిషినే అడిగాడు. కింది అంతస్తులో తలుపు బార్లా తీసి, గడప పక్కన నేలమీద కాళ్లు చాపుక్కూర్చుని, ఒక ముసలి గోల్డెన్ రిట్రీవర్ చెవి వెనక దువ్వెనతో చిక్కు తీస్తున్న లిఫ్టు బాబాయిని.

బాబాయి తలెత్తలేదు. “ఎవరి మొహం?” అన్నాడు.

“మా పాపది.”

“నీది కాదుగా?”

“నాదైతే పర్లేదు బాబాయిగారూ.”

“అయితే సగం పని అయిపోయింది.” తీసిన బొచ్చుని ఉండచుట్టి పక్కన పెట్టాడు. “నీ మొహం ఇవ్వడానికి నువ్వు సిద్ధమే. ఇహ పాప సంగతి చూద్దాం.”

ఆ భవనంలో ఏడంతస్తులు, ఒకే లిఫ్టు. చిన్నాపెద్దా అందరికీ ఆయన లిఫ్టు బాబాయే. ముప్ఫై ఒక్క ఏళ్లు ఊరంతా తిరిగి లిఫ్టులు బాగుచేసి, మోకాళ్లు మొరాయించాక ఆయన పని మానేశాడు గానీ, పని ఆయన్ని మానలేదు. ఇప్పటికీ జేబుల ఖాకీ చొక్కానే తొడుక్కుంటాడు. పై జేబులో చిన్న స్క్రూడ్రైవరు ఉండాల్సిందే. లిఫ్టు పైకి వెళ్తున్న చప్పుడు వినిపిస్తే మాట మధ్యలో ఆపేసి, గోడకి అరచెయ్యి ఆనించి, “ఐదో అంతస్తులో తలుపు చక్రం అరిగింది,” అని చెప్పి, ఆపిన చోటినుంచి మాట అందుకుంటాడు.

ఆయన భార్య, అంటే పిన్ని, డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. పాతికేళ్లుగా పక్కసీట్లో కూర్చుని ఊళ్లో సగంమందికి క్లచ్చు వదలడం నేర్పిన మనిషి. సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నా సరే, ఎవరైనా గ్లాసుని బల్ల అంచున పెడితే ఆవిడ కుడికాలు తనంతట తనే నేలని నొక్కేస్తుంది.

పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, సగం ఖాళీ అయిన ఏదో భవనంలో లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయిందని బాబాయికి ఫోనొచ్చింది. లోపల ఎవరో ఉన్నారు, గీకుతున్న చప్పుడు వస్తోంది, పిలిస్తే పలకడం లేదు అన్నారు. బాబాయి వెళ్లి అలవాటు ప్రకారం తలుపు సందులోంచి లోపలికి కేక వేశాడు. తాళంచెవితో తలుపు తీసి చూస్తే, మూలకి ఒదిగిపోయి, తేనెరంగు బొచ్చంతా చెమ్మగిల్లి, ఒక గోల్డెన్ రిట్రీవర్. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్లెవరో దాన్ని లిఫ్టులోకి తోసి, ఏదో ఒక బటన్ నొక్కి, మెట్లమీదుగా దిగి వెళ్లిపోయారు. బాబాయి పైనుంచి లోపలికి దిగాడు. దిగి, దాన్ని ముట్టుకోకుండా, దానికి వీపు తిప్పి కూర్చున్నాడు. గంటన్నర అలాగే కూర్చున్నాడు. ఆ గంటన్నరా లిఫ్టు ఎందుకు నడవడం లేదని బయట జనం ఒకటే గోల.

సాయంత్రం దాన్ని వెంటబెట్టుకుని ఇంటికొస్తే పిన్ని గుమ్మంలోనే నిలబెట్టేసింది.

“ఒక్కరోజే,” అన్నాడు బాబాయి.

“మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఐదు నిమిషాలే అన్నావు,” అంది పిన్ని. అని, పక్కకి తప్పుకుంది.

అంతస్తుల మధ్య దొరికింది కాబట్టి దానికి మూడున్నర అని పేరు పెట్టుకున్నారు. మూడు వారాల తర్వాత మూడున్నర పక్కవీధిలో ఉన్న ఒక రిటైరైన ప్రూఫ్‌రీడరు ఇంటికి వెళ్లింది. పంపించి వచ్చిన రోజు బాబాయి మెట్లకింద మీటర్ల పెట్టె దగ్గర కాసేపు నిలబడి ముక్కు తుడుచుకున్నాడు. మెట్లకింద మెకానిక్కుకేం పని అని ఎవరూ అడగరు కదా.

అప్పటినుంచి కుక్కల్ని కాపాడే సంఘంవాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. ఈ జాతి కుక్కపిల్లల అందం చూసి తెచ్చుకుని, అవి పెద్దవై ఇల్లంతా బొచ్చు రాల్చేసరికి వీధిలో వదిలేసేవాళ్లున్నారు. పిల్లల్ని పెట్టించడానికే షెడ్లలో బోనుల్లో ఉంచి, ఈడు దాటాక తరిమేసేవాళ్లున్నారు. అలాంటివాటిని బాబాయి తెచ్చుకుని, తిండి అలవాటు చేసి, మనుషుల్ని అలవాటు చేసి, మంచి ఇల్లు చూసి దాటిస్తాడు. రెండు గదుల ఇల్లు. ఒకసారికి ఒక్కదానికే చోటు. పాత పనిముట్ల అలమర తలుపు లోపలివైపు నలభై ఫొటోలు అంటించి ఉంటాయి. ప్రతి ఫొటోలోనూ కుక్క పక్కన ఉండేది కొత్త యజమానులే, బాబాయి ఒక్కదాంట్లోనూ ఉండడు.

నలభై ఒకటోదే ఇప్పుడు దువ్వించుకుంటున్నది. దానికి మాస్టారు అని పేరు పెట్టింది పిన్ని. మూతి తెల్లబడి, లేని కళ్లజోడు పైనుంచి చూస్తున్నట్టు చూస్తుంది. ఆలస్యంగా వచ్చామని ఎవరికైనా సంజాయిషీ చెప్పుకోవాలనిపించే చూపు. ఐదేళ్లు ఒక షెడ్డులో ఇనుప బోనులో గడిపింది. బయటపడ్డాక రెండు ఇళ్లకి వెళ్లి రెండుసార్లూ తిరిగొచ్చింది. మొదటివాళ్లు, అది ఆడుకోవడం లేదు, బొమ్మలా కూర్చుంటోంది అన్నారు. రెండోవాళ్లు, చుట్టాలొస్తే గుర్రుమంటోంది అన్నారు.

ఇక నాలుగో అంతస్తు సంగతి. అతనికి నీళ్లు పరీక్షించే లాబొరేటరీలో ఉద్యోగం. ఊరి నలుమూలలనుంచీ వచ్చిన నీళ్లని గాజుపళ్లేల్లో వేసి, రెండురోజులు వెచ్చగా ఉంచి, వాటిమీద మొలిచిన చుక్కల్ని లెక్కపెడతాడు. ఒక్కో చుక్కా కొన్ని లక్షల సూక్ష్మజీవుల కాపురం. పదేళ్లు ఆ చుక్కలు చూసినవాడికి తలుపు గొళ్లెం గొళ్లెంలా కనబడదు, లిఫ్టు బటన్ బటన్‌లా కనబడదు. పాప పుట్టాక అది మరీ ముదిరింది. బుడ్డిదానికి పద్నాలుగు నెలలు. దాని పాలసీసా మరిగించడానికి అతను టైమర్ పెట్టుకుంటాడు. దాని ఊపిరి వినడానికి తన ఊపిరి ఆపుకుంటాడు.

భార్య కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్ష చేస్తుంది. ఎదుటివాళ్లకి ఏది మసకగా కనిపిస్తోందో చెప్పడం ఆవిడ వృత్తి. ఆ వృత్తి ఇంట్లో కూడా సాగుతుంది. రోజూ పాప బండిని తోసుకుంటూ బాబాయి గుమ్మం మీదుగా వెళ్లేటప్పుడు, అప్పటిదాకా అమ్మా అనని, నాన్నా అనని బుడ్డిది మాస్టారుని చూసి “తా” అనడం మొదలెట్టింది. వారం తిరక్కుండా, మాస్టారుని మనమే తెచ్చుకుందాం అంది ఆవిడ. అతను కాగితం తీసి ప్రమాదాల జాబితా రాశాడు. పురుగులు, గోళ్లు, బొచ్చు, లాలాజలం, అరుపు, పళ్లు.

“నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇన్ని ఆలోచించలేదు నువ్వు,” అంది ఆవిడ.

“నీకు పళ్లున్నాయన్న సంగతి అప్పుడు తట్టలేదు,” అన్నాడతను.

అలా కిందికి పంపించింది ఆవిడే. వెళ్లి ఆ జాబితా ఏదో బాబాయికే చదివి వినిపించమంది. మొహం సంగతితో మొదలుపెట్టి ఆరూ చదివాడు. బాబాయి అన్నీ విని, దువ్వెన దులిపి, “రేపు మీ ఇంటికొస్తాను,” అన్నాడు.

అతను కుక్కని పరీక్షిద్దామనుకున్నాడు. తీరా చూస్తే పరీక్ష తనకే అని తెలిసింది. బాబాయి వచ్చి, వేసిన కుర్చీ వదిలేసి, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ నేలమీద కూర్చున్నాడు. ముందు హాల్లో, తర్వాత వంటింట్లో, తర్వాత బాల్కనీలో. ఒక్కోచోట పదేసి నిమిషాలు.

“కుర్చీలో కూర్చుంటే మీ ఇల్లు తెలుస్తుంది. కింద కూర్చుంటే దాని ఇల్లు తెలుస్తుంది,” అన్నాడు. చప్పుడుకి బెదరకుండా వాషింగ్ మెషిన్ కాళ్లకింద రబ్బరు ముక్కలు పెట్టమన్నాడు. బాల్కనీ ఊచల సందు చెయ్యి దూర్చి కొలిచాడు. బుడ్డిది పాకుతూ వచ్చి ఆయన జేబులో స్క్రూడ్రైవరు లాగబోతే, మెల్లిగా అరచేత్తో జేబు మూసుకుని, “ఇలాంటివాళ్లే నాకు పని కల్పించేది,” అన్నాడు.

పిన్ని అతన్ని పక్కకి పిలిచి ఉన్న మాట చెప్పింది. “చూడు నాయనా, మొహమాటపడి ఒప్పుకోకు. ఇది రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి కూడా వస్తే మీ బాబాయి ఇహ ఎవరికీ ఇవ్వడు, తనే ఉంచేసుకుంటాడు. దానికేం, హాయిగా ఉంటుంది. కానీ మా ఇంట్లో చోటు ఒక్కటే. ఇంకో ఫోనొచ్చినప్పుడు లేదని చెప్పాలి. ఆ మాట చెప్పడం ఆ మనిషికి రాదు. నాకు తెలుసు, ఆయనకి బ్రేకు నొక్కడం నేర్పబోయి నేనే ఓడిపోయాను.”

పదిహేను రోజులు ఉంచి చూసుకుని పదహారో రోజు చెప్పండి అన్నారు. మాస్టారు లిఫ్టెక్కదు. తలుపు మూసుకునే ఇనుప పెట్టె కనిపిస్తే కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. ముసలి నడుముతో ఒక్కో మలుపు దగ్గరా ఆగి ఆయాసం తీర్చుకుంటూ, నాలుగంతస్తులూ మెట్లమీదే ఎక్కింది. వెనకే బాబాయి ఒక బొంత మోసుకొచ్చాడు. ఆయన పాత ఖాకీ చొక్కాలు కత్తిరించి పిన్ని కుట్టిన బొంత అది. ఒక జేబు ఇంకా జేబుగానే ఉంది. రెండు నెలలుగా మాస్టారు దానిమీదే పడుకుంటోంది.

“ఇది మాత్రం ఉతక్కు,” అన్నాడు బాబాయి, అతని కళ్లలోకి చూసి. “మిగతావన్నీ నీ ఇష్టం. ఇదొక్కటీ ఉతక్కు.”

అలాగే అన్నాడతను. అన్నప్పుడు నిజంగానే అన్నాడు.

కానీ ఆ సాయంత్రం బుడ్డిది పాకుతూ వెళ్లి బొంత అంచు నోట్లో పెట్టుకుంది. మర్నాడు అతను ఒక దూది పుల్లని బొంత మీద రుద్ది, గాజుగొట్టంలో పెట్టి, మధ్యాహ్నం భోజనం డబ్బా పక్కన ఆఫీసుకి పట్టుకెళ్లాడు. రెండురోజులాగి పళ్లెం తీసి చూస్తే పై ప్రాణాలు పైనే పోయాయి. చుక్కలు కావు, పళ్లెం నిండా పొర. పేర్లు తెలిసినవి, తెలియనివి, ఆకుపచ్చవి కొన్ని. అది ఏ కుక్క బొంత మీదైనా, ఆ మాటకొస్తే ఏ మనిషి దిండుమీదైనా కనిపించేదేనని అతనికి తెలుసు. ఇంకొకరి పళ్లెమైతే అలాగే చెప్పేవాడు కూడా. కానీ ఆ పొర మధ్యలో అతనికి బుడ్డిదాని నోరు కనిపించింది. మధ్యాహ్నమే ఇంటికొచ్చి, భార్య రాకముందే, బొంతని మందునీళ్లలో నానబెట్టి, వేణ్ణీళ్లలో రెండుసార్లు ఉతికి, బాల్కనీలో ఆరేసి, సాయంత్రానికి యథాస్థానంలో పరిచేశాడు. ఎవరితోనూ అనలేదు. కడిగిన చేతులే మళ్లీ కడుక్కున్నాడు.

మాస్టారు వచ్చి బొంతని వాసన చూసింది. ఒక చుట్టు తిరిగింది. మళ్లీ వాసన చూసింది. జేబులోకి మూతి దూర్చి, తీసి, తుమ్మింది. ఆ తర్వాత దానిమీద కాలు పెట్టలేదు. వంటింట్లో ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య ఉన్న సందులోకి వెళ్లి ఇరుక్కుని కూర్చుంది. తిండి ముట్టలేదు, నీళ్లు ఎవరూ చూడనప్పుడు తాగింది. కొత్త కదా అనుకుంది భార్య. అతను అవునన్నాడు.

ఉతికిన మూడో రోజు ఆదివారం. భార్యకి షాపులో పని. అతను పాలసీసా కడుగుతూ వెనక్కి తిరిగేసరికి, బుడ్డిది ఫ్రిజ్ పక్కకి పాకేసింది. చేతిలో బిస్కెట్టు, నోట్లో “తా, తా”. సందులోంచి ఒక శబ్దం వచ్చింది. అరుపు కాదు. కడుపులోంచి వచ్చే, సన్నటి, ఆగని గుర్రు.

పాపని ఎలా ఎత్తాడో, హాల్లోకి ఎలా వచ్చాడో అతనికి గుర్తులేదు. ఫోన్లో నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. “బాబాయిగారూ, వచ్చి తీసుకెళ్లండి. ఇప్పుడే. నా వల్ల కాదు.”

“కరిచిందా?”

“కరవలేదు. కరిచేది.”

“వస్తున్నా. దాని దారికి అడ్డం నిలబడకు.”

ఇద్దరూ వచ్చారు. పిన్ని ఏమీ అడక్కుండా అతని భుజం మీదినుంచి పాపని తీసుకుని, “పద తల్లీ, మీ నాన్న కారు ఆగిపోయింది, మనం నెట్టక్కర్లేదు,” అంటూ లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. బాబాయి వంటింటి గుమ్మంలో నిలబడి సందువైపు ఒక్క చూపు చూశాడు. ఆ తర్వాత మూల ఖాళీగా పరిచి ఉన్న బొంతవైపు చూశాడు. వంగి, అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

అతను గోడవైపు చూస్తూ, “ఉతికాను,” అన్నాడు.

“ఎన్నిసార్లు?”

“రెండు.”

బాబాయి కోప్పడతాడనుకున్నాడు. కోప్పడితే బావుండునని కూడా అనుకున్నాడు. బాబాయి బొంతని మడిచి పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని, ఎప్పటిలాగే మూలుగుతూ నేలమీద కూర్చుని, ఫ్రిజ్‌కి వీపు తిప్పాడు. మాస్టారుకీ ఆయనకీ మధ్య నాలుగడుగుల దూరం.

“పాప ఎటునుంచి వెళ్లింది?”

అతను చూపించాడు. ఆ సందుకి ఉన్నది ఒకటే దారి. పాప ఆ దారిలోనే వెళ్లింది.

“మూడు పక్కలా గోడ. నాలుగో పక్క పిల్ల,” అన్నాడు బాబాయి. “లిఫ్టులో ఇరుక్కున్నవాడు ఏం చేస్తాడు? తలుపు బాదుతాడు. బయటున్నవాళ్లని కొడదామని కాదు, లోపలున్నానని చెప్పడానికి. ఇదీ తలుపు బాదింది. అంతే జరిగింది ఇప్పుడు.”

“బాదేది రేపు పగలగొడితే?”

“పగలగొట్టొచ్చు. అందుకే నిజం చెప్తున్నా విను. నీకు వద్దనిపిస్తే ఇప్పుడే తీసుకెళ్లిపోతాను. నీమీద పిసరంత కోపం ఉండదు నాకు. పాప నీది, భయం నీది. కానీ ఒక్క గంటాగి చెప్పు. ముందు కూర్చో.”

“నా కాళ్లు వణుకుతున్నాయి.”

“అందుకే కూర్చోమంటున్నా.”

అతనూ ఫ్రిజ్‌కి వీపు తిప్పి కూర్చున్నాడు. వంటింటి నేలమీద కూర్చోవడం ఆ ఇంట్లో అతనికదే మొదటిసారి. స్టవ్ బల్లకింద ఒక ఉల్లిపొర కనిపించింది. దాన్ని తియ్యబోతే బాబాయి వద్దని చెయ్యూపాడు.

బాబాయి మెల్లిగా, కుక్కకీ మనిషికీ ఇద్దరికీ చెబుతున్నట్టు మాట్లాడాడు. “ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎంతమందిని బయటికి తీశానో. పెద్ద ఆఫీసర్లు, బస్తాలు మోసేవాళ్లు, కొత్త దంపతులు. కొత్తలో నేను కూడా పైనుంచి భయపడకండి, భయపడకండి అని అరిచేవాణ్ని. ఒక్కడు వింటే ఒట్టు. అలా అన్నకొద్దీ ఇంకా బాదేవాళ్లు. భయం చెబితే పోదయ్యా. ఒకసారి ఒక పెద్దావిడ లోపల్నుంచి నన్నే తిట్టింది. ఒరే, భయపడకపోవడం నా చేతుల్లో లేదు, చేతనైంది చెప్పు అంది. ఏం చెప్పాలో తోచక, కూర్చోండమ్మా అన్నాను. కూర్చుంది. నిలబడినవాడికి కాళ్లు పరిగెత్తమంటాయి, ఉన్నది నాలుగడుగుల చోటు. కూర్చుంటే కాళ్లకి ఆ గొడవ ఉండదు. భయం ఉంటుంది, కానీ అదీ పక్కనే కూర్చుంటుంది. అప్పటినుంచీ అందరికీ ఒకటే మాట. భయపడండి, కాకపోతే కూర్చుని భయపడండి.”

వెనకనుంచి గోరు నేలకి తగిలిన చిన్న చప్పుడు. అతను తిరగబోయాడు.

“తిరక్కు,” అన్నాడు బాబాయి. “మీ ఇంట్లో మాసిన గుడ్డ ఏమైనా ఉందా?”

అతను ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు. లేదు.

“ఒక్కటీ లేదా? ఏం మనుషులయ్యా మీరు.” బాబాయి నుదురు కొట్టుకున్నాడు. “మా ఇంటి వాసన పోగొట్టావు సరే. మీ ఇంటి వాసన ఉందా అంటే అదీ లేదు. దానికేం తెలుస్తుంది ఇది ఎవరి ఇల్లో? ఏదీ, ఆ చొక్కా విప్పు.”

వీపుమీద చెమటకి అతుక్కుపోయి ఉంది చొక్కా. అతను బనీనుతో కూర్చుని, దాన్ని బాబాయికి ఇచ్చాడు. బాబాయి దాన్ని అతని వెనకే, చెయ్యి చాపినంత దూరంలో నేలమీద పెట్టాడు.

“భయంతో పట్టిన చెమట బాబాయిగారూ అది,” అన్నాడతను సిగ్గుపడుతూ.

“మంచిదే. ఇక్కడ భయపడేది తనొక్కటే అనుకుంటోంది పాపం.”

ఎంతసేపైందో తెలియదు. పైప్రాణం పైనే ఉంది గానీ కాళ్ల వణుకు ఆగింది. లోపలి గదిలో పిన్ని బుడ్డిదానికి గేర్లు మార్చడం నేర్పుతున్నట్టుంది, “రెండో గేరూ, ఊఁ,” అని వినిపిస్తోంది. అప్పుడు వెనకాల నడుము ఈడ్చిన చప్పుడు, ఊపిరి చప్పుడు. బనీను అంచుకి వెచ్చగా గాలి తగిలింది. అతను కదల్లేదు. కాసేపటికి దీర్ఘమైన నిట్టూర్పు, ఏదో బరువైనది నేలకి ఆనిన చప్పుడు.

“ఇప్పుడు చూడు. తల తిప్పు, భుజం తిప్పకు.”

మాస్టారు సందులోంచి సగం బయటికొచ్చి, గడ్డం అతని చొక్కామీద పెట్టి, లేని కళ్లజోడు పైనుంచి చూస్తోంది. ఆలస్యంగా వచ్చావని అంటున్నట్టే ఉంది. అతనికి సంజాయిషీ చెప్పుకోవాలనిపించింది. చెప్పాడు కూడా. బొంత ఉతికిన సంగతి, ఆఫీసులో పళ్లెం సంగతి, అన్నీ. బాబాయి పళ్లెం సంగతి విని పగలబడి నవ్వబోయి, కుక్క బెదురుతుందని నోరు మూసుకుని, భుజాలు ఎగరేస్తూ నవ్వాడు.

ఆ రోజు తీసుకెళ్లలేదు. ఫ్రిజ్‌ని గోడకి ఆనించి సందు మూసేశారు. భోజనాల బల్లని రెండువైపులా దారి ఉండేలా జరిపి, దానికింద చోటు ఇచ్చారు. వంటింటి గుమ్మానికి అడ్డ తలుపు పెట్టారు. మాస్టారు బల్లకింద ఉన్నప్పుడు పాప అటు వెళ్లకూడదు, పెద్దవాళ్లు చూస్తుండగా తప్ప ఇద్దరూ ఒక చోట ఉండకూడదు. దాని దగ్గరికి వెళ్లేటప్పుడు ఎవరూ దారికి అడ్డం నిలబడకూడదు. సాయంత్రం భార్య వచ్చాక బొంత సంగతి ఆవిడకీ చెప్పాడు. “చుక్కలు కనబడతాయి గానీ దగ్గరివి కనబడవు నీకు, అదే నీ జబ్బు,” అంది ఆవిడ.

శిక్ష బాబాయి వేశాడు. బొంతని వారం రోజులు అతనే పరుచుకుని పడుకోవాలి. వారం రోజులు ఆ ఇంట్లో ఒక పరుపుమీద మళ్లీ ఉతకని బొంత ఉంది. రెండోరోజుకే అతనికి ఒళ్లంతా దురద పెట్టింది. నాలుగోరోజు మర్చిపోయాడు. ఎనిమిదో రోజు దాన్ని బల్లకింద పరిస్తే మాస్టారు ఒక చుట్టు తిరిగి, జేబులోకి మూతి దూర్చి, తీసి, పడుకుంది. తుమ్మలేదు. ఆ సాయంత్రం గిన్నె ఖాళీ చేసి, గిన్నెని వంటిల్లంతా నాకుతూ తిప్పింది.

పదహారో రోజు బాబాయి ఫొటో తియ్యడానికి వచ్చాడు. అడగాల్సింది అడిగాడు. భార్య అతనివైపు చూసింది. అతను, “పేరు మార్చాలా బాబాయిగారూ?” అన్నాడు.

బాబాయి కాసేపు ఫోన్ కెమెరా తుడుచుకున్నాడు. తుడవడానికి అందులో ఏమీ లేదు. “పేరు పెట్టే హక్కు మీది,” అన్నాడు.

“అయితే మాస్టారే.”

ఫొటోలో ముగ్గురూ, కుక్కా ఉన్నారు. బాబాయి లేడు. ఆ నెలాఖరుకి కింద నలభై రెండోది వచ్చింది. ఆడది, ఒక చెవి సగం. పిన్ని దానికి లెర్నర్ అని పేరు పెట్టింది, ఎవర్ని పడితే వాళ్లని గుద్దేస్తోందని.

ఇప్పుడు ఆ భవనంలో పొద్దున్నే లిఫ్టెక్కేవాళ్లకి ఒక దృశ్యం అలవాటైపోయింది. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంటుంది. ఇస్త్రీ చేసిన బట్టల్లో ఒక మనిషి లోపలికొచ్చి, ఎవరితోనూ ఏమీ అనకుండా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. ముసలి కుక్క ఒకటి గుమ్మంలో ఆగి, వణికి, అతన్ని చూసి, లోపలికొచ్చి అతని ఒడిలో గడ్డం పెట్టుకుంటుంది. దాని నడుముకి ఇక మెట్లు పనికిరావు. వీళ్లిద్దరి చుట్టూ జాగా చేసుకుని మిగతావాళ్లు నిలబడతారు. మొదట్లో నవ్వేవాళ్లు.

అతను మాత్రం పెద్దగా మారలేదు. చుక్కలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి, టైమర్ మోగుతూనే ఉంటుంది. మొన్న బుడ్డిది పార్కులో జారుడుబల్ల చివర బోర్లా పడి, గడ్డం చీరుకుని, నోటినిండా రక్తంతో లేచింది. అతని కాళ్లు ఎటు పరిగెత్తాలో తెలియక నాలుగు వైపులా లాగాయి. పాప ఏడవబోతూ, ఏడవాలా వద్దా అని అతని మొహంలోకి చూసింది. చుట్టూ ఉన్నవాళ్లు ఏమనుకున్నారో తెలియదు. అతను ఆ ఇసకలోనే చతికిలబడి, పాపని ఒళ్లోకి తీసుకుని, వణికే వేళ్లతోనే గడ్డం ఎత్తి దెబ్బ ఎంతుందో చూశాడు. చిన్నదే. మాస్టారు వచ్చి అతని వీపుకి ఆనుకుని కూర్చుంది.

బాబాయి ఆ రోజు వంటింట్లో చెప్పిన మాటే. “భయం చెబితే పోదయ్యా. కూర్చుని భయపడు.”